ఐదొందల మంది పెళ్లి, ఒక్క నీళ్ల బాటిల్ లేకుండా: ఎలా చేయాలి

ఈసారి ఏదైనా పెళ్లికి వెళ్తే, భోజనాలు అయ్యాక ఫంక్షన్ హాలు వెనక్కి ఒకసారి వెళ్లి చూడండి. తిన్న ఆకులు, మిగిలిన అన్నం, సాంబారు, వాటి మధ్య గుట్టలుగా చిన్న చిన్న బాటిళ్లు. చాలావాటిలో సగం నీళ్లు అలాగే ఉంటాయి. ఈమధ్య బాటిల్ చుట్టూ పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఫొటోతో లేబుల్ కూడా వేయిస్తున్నారు. తెల్లారేసరికి ఆ కొత్త జంట నవ్వుకుంటూ హాలు పక్క మురిక్కాలువలో తేలుతుంటుంది. శుభలేఖ కింద పడితే కళ్లకద్దుకుని తీసేవాళ్లం, ఈ బాటిల్ దగ్గర మాత్రం మనకేమీ అనిపించదు.

లెక్క చిన్నదే. ఐదొందల మంది వస్తే మనిషికి రెండు చొప్పున వెయ్యి బాటిళ్లు. ఒక్కోటి పది గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి మొత్తం పది కిలోల ప్లాస్టిక్. బరువు చూస్తే తక్కువే, కానీ చెత్త ట్రాక్టర్‌లో చోటు మాత్రం చాలానే తింటుంది. ఖాళీగా, పొడిగా ఉన్న బాటిల్‌కి పాత సామాన్ల షాపులో రేటు ఉంది. పప్పు అంటుకుని, సగం నీళ్లతో ఉన్నదాన్ని ఏరుకునేవాళ్లు కూడా ముట్టుకోరు. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి గానీ నీళ్ల బాటిల్ లేదు. అందుకే ప్లాస్టిక్ గ్లాసు పెడితే ఎవరైనా అడుగుతారేమోనని భయపడే క్యాటరర్ కూడా బాటిళ్లు మాత్రం ధైర్యంగా దించుతాడు.

పెళ్లిళ్లలోకి బాటిల్ వచ్చింది రెండు కారణాలతో. సీలు ఉంటే మంచి నీళ్లన్న నమ్మకం ఒకటి, బాటిల్ పెడితే బాగా చూసుకున్నారన్న పేరు రెండోది. ఈ రెండూ క్యాన్ నీళ్లతో, స్టీల్ గ్లాసుతో మీరు ఇవ్వగలిగితే ఎవరూ బాటిల్ అడగరు. ఇవ్వలేకపోతే గుమ్మం దగ్గర "ప్లాస్టిక్ వాడకండి" అని ఎంత పెద్ద బోర్డు కట్టినా ఎవడో ఒక బావమరిది స్కూటర్ మీద పోయి నాలుగు పెట్టెలు తెచ్చేస్తాడు. కింద రాసిందంతా ఆ బావమరిది బయల్దేరే అవసరం రాకుండా చూసుకోవడం గురించే.

1. క్యాటరర్‌కి అడ్వాన్స్ ఇచ్చేలోపే మాట్లాడండి

నెల ముందు కాదు, మెనూ మాట్లాడే రోజే తేల్చుకోవాలి. చాలాచోట్ల బాటిల్ ఖర్చు ప్లేటు రేటులో కలిసిపోయి ఉంటుంది. మీరు అడగరు, ఆయన చెప్పడు. "బాటిళ్లు తీసేస్తే ప్లేటుకి ఎంత తగ్గిస్తారు?" అని సూటిగా అడగండి. "ఏముందండీ, అది మేము ఫ్రీగా ఇస్తున్నాం" అంటారు. ఫ్రీ అయితే ఆ ఫ్రీ బదులు నీళ్లు పోయడానికి ఇద్దరు కుర్రాళ్లను అదనంగా పంపమనండి. ఇది డబ్బు తగ్గించడం కంటే మంచి బేరం. ఎందుకంటే బాటిల్ చేసే పని మనిషి చేయాలి, ఆ మనిషి లేకపోతే మీ ఏర్పాటంతా బంతి మధ్యలో కూలిపోతుంది.

ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి: బాటిళ్లు, నీళ్ల ప్యాకెట్లు, కాగితపు గ్లాసులు వద్దు, జగ్గులు ఇన్ని, నీళ్లు పోసేవాళ్లు ఇంతమంది. రాసుకోకపోతే పెళ్లిరోజు వ్యాన్‌లో బాటిళ్ల పెట్టెలు దిగుతాయి. అప్పుడు ముహూర్తం టెన్షన్‌లో ఎవరూ వాదించరు, అది క్యాటరర్‌కీ తెలుసు.

హాలు మేనేజర్‌తో కూడా ఒక మాట అనుకోవాలి. కొన్ని హాళ్లలో నీళ్లు వాళ్ల దగ్గరే కొనాలన్న షరతు ఉంటుంది. ఉంటే క్యాన్లే కొంటామని చెప్పండి. గ్లాసులు కడగడానికి కుళాయి, మురుగు పోయే దారి ఉన్న చోటు ఎక్కడుందో ఆరోజే చూసి పెట్టుకోండి.

2. ఇంట్లోవాళ్లు, వియ్యాలవారు

అసలు కష్టం ఇక్కడే. నీళ్ల క్యాన్లు డబ్బు పెడితే వస్తాయి, "కనీసం వాటర్ బాటిల్ కూడా పెట్టలేదంట" అన్న మాట పడితే మాత్రం పదేళ్లు పోదు. ఆడపెళ్లివారికి ఈ భయం మరీ ఎక్కువ, ఎందుకంటే మర్యాదల్లో లోటు ఏది జరిగినా వాళ్ల ఖాతాలోనే పడుతుంది.

కాబట్టి పర్యావరణం, భూమాత, తాబేళ్లు అంటూ మొదలుపెట్టకండి. పెద్దవాళ్ల దగ్గర అది నడవదు. వాళ్లకి అర్థమయ్యే మాట తిరుమల. కొండ మీద 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ పూర్తిగా ఆపేశారు. భక్తులు జలప్రసాదం కుళాయిల దగ్గర నీళ్లు పట్టుకుంటున్నారు, షాపుల్లో గాజు సీసా కొనుక్కుని తిరిగిచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకుంటున్నారు. "రోజుకి అన్ని వేలమంది వెళ్లే చోటే బాటిళ్లు లేకుండా జరుగుతోంది, మన ఐదొందల మందికి జరగదా పెద్దమ్మా?" అంటే చాలామంది పెద్దమ్మలు మెత్తబడతారు.

వియ్యంకుడిగారికి ఫోన్లో చెప్పొద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి. "అన్నయ్యగారూ, మీవాళ్లకి నీళ్లు అడిగే పని లేకుండా ప్రతి వరసకీ మనిషిని పెడుతున్నాం. బాటిళ్లు పడేసి ఎవరికి వాళ్లు తాగమనడం మాకు బాగోలేదు" అనండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. బాటిల్ రాకముందు బంతిలో నీళ్లు పోసేవాడు "ఇంకొంచెం పొయ్యమంటారా" అని అడిగేవాడు, మర్యాద అంటే అదే. ఆ మనిషిని తీసేసి బాటిల్ పెట్టి దాన్ని మర్యాద అనుకోవడం ఇటీవలి సంగతి.

ఎంగిలి గురించి కూడా తప్పక అడుగుతారు. "ఎవరెవరో తాగిన గ్లాసులు" అంటారు. శుభ్రత గురించి అడిగితే అది సరైన ప్రశ్నే, జవాబు కడిగే పద్ధతిలో ఉంది, కింద చెప్తాను. అయితే ఆ ప్రశ్న వెనక ఒక్కోసారి వేరే లెక్క ఉంటుంది. టీ హోటళ్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిన ఊళ్లు మనవి. ఎవరు తాగిన గ్లాసు అన్నది శుభ్రత ప్రశ్నా, కులం ప్రశ్నా అన్నది అడిగేవాళ్ల గొంతులోనే తెలిసిపోతుంది. రెండోది అయితే సర్దిచెప్పే పని పెట్టుకోకండి. గ్లాసులన్నీ ఒకే రకం, ఒకే చోట కడుగుతారు, అందరికీ అవే.

3. నీళ్లు ఎక్కడివి?

బాటిల్ మీద జనానికి అంత నమ్మకం ఊరికే రాలేదు. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన తరాలున్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బులకు కారణం ఇదీ అని తేలకపోయినా అక్కడివాళ్లకి బోరు నీళ్ల మీద అనుమానం పోలేదు. కనిగిరి వైపు, అనంతపురం వైపు ఫ్లోరైడ్ కథ మీకు తెలిసిందే. అందుకే పెళ్లికి వచ్చినవాళ్లు "ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడిగితే విసుక్కోకండి. జవాబు సిద్ధంగా ఉంచుకోండి, వీలైతే డ్రమ్ము మీద కాగితం అంటించండి: ఫలానా ప్లాంటు, ఈరోజు ఉదయం నింపినవి.

హాలు బోరు నీళ్లు తాగడానికి వద్దు, చేతులు, గిన్నెలు కడగడానికే. కాచితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదు అని మన భారతీయ ప్రమాణం.

మునిసిపల్ నీళ్లు, మిషన్ భగీరథ నీళ్లు బాగా వచ్చే ఊరైతే అవి వాడుకోవచ్చు. క్లోరిన్ వాసన వస్తే జనం మొహం చిట్లిస్తారు, నిజానికి ఆ కొద్దిపాటి వాసన నీళ్లకి కాపలా ఉందన్న గుర్తు. ముందురోజు రాత్రి శుభ్రమైన డ్రమ్ములో పట్టి, మూతకి బదులు పల్చటి గుడ్డ కట్టి ఉంచితే పొద్దుటికి వాసన చాలావరకు తగ్గుతుంది.

ఎక్కువమంది ఎలాగూ క్యాన్లకే వెళ్తారు. ప్లాంటు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి:

ప్లాంటుకి స్వయంగా వెళ్లండి, పది నిమిషాల పని. ఖాళీ క్యాన్లు ఎలా కడుగుతున్నారో చూడండి. ప్లాంటులో వడకట్టిన ఆర్‌ఓ నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి క్యాన్ మురికిగా ఉంటే మంచి నీళ్లు కూడా అందులో పాడవుతాయి. క్యాన్ అడుగున పచ్చగా నాచు, లోపల చేత్తో తాకితే జారుడుగా జిగట, మూత దగ్గర మట్టి, వీటిలో ఏది కనిపించినా ఆ ప్లాంటు వద్దు. కడగడం బాగుంటే ధర ఒక రెండు రూపాయలు ఎక్కువైనా ఇచ్చేయండి.

టీడీఎస్ మీటర్ ముంచి "చూడండి సార్, యాభై వచ్చింది" అని చూపిస్తారు. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలెన్నో చెప్తుందంతే, క్రిముల గురించి దానికేమీ తెలియదు. యాభై ఉన్న నీళ్లలో క్రిములు ఉండొచ్చు, మూడొందలు ఉన్న నీళ్లు పూర్తిగా మంచివి కావొచ్చు. లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఉండటం ప్రమాణం ప్రకారమే సరైనది.

క్రిముల పరీక్షకి హెచ్‌టూఎస్ సీసా అని చిన్నది దొరుకుతుంది. గ్రామాల్లో నీళ్లు పరీక్షించే మహిళా సంఘాల కిట్లలో ఇలాంటివే ఉంటాయి. గీత దాకా నీళ్లు పోసి, మూత పెట్టి, గదిలో ఒకటి రెండు రోజులు వదిలేయాలి. నల్లగా మారితే ఆ నీళ్లలో మురుగు కలిసిందని అనుమానించాలి. పెళ్లికి వారం ముందు ఈ పరీక్ష చేస్తే ప్లాంటు మార్చుకునే టైమ్ ఉంటుంది. ఇంకా వివరంగా కావాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు.

సీలు వేసిన క్యాన్లు కొంటుంటే లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, నింపిన తేదీ ఉన్నాయా చూడండి. క్యాన్లు పెళ్లిరోజు పొద్దున్నే దించమనండి. రెండు రోజుల ముందే దించి ఎండలో పేర్చితే మీరు ఏరికోరి తెచ్చిన నీళ్లు మీరే పాడుచేసినట్టు.

బాటిల్ నీళ్లే స్వచ్ఛం అనుకునేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకో విషయం చెప్పొచ్చు. 2024 జనవరిలో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలో అమ్మే బాటిల్ నీళ్లను పరీక్షించి, లీటరుకి సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులున్నాయని లెక్క తేల్చారు. క్యాన్ కూడా ప్లాస్టిక్కే కదా అంటారు, నిజమే. అందుకే క్యాన్ రాగానే నీళ్లు స్టీల్ డ్రమ్ములోకో, కుండలోకో మార్చడం మంచిది.

4. ఎన్ని క్యాన్లు కావాలి

మాఘమాసం పెళ్లి అయితే వచ్చే అతిథికి అర లీటరు, వైశాఖం, జ్యేష్ఠంలో అయితే లీటరు లెక్కేసుకోండి. ఐదొందల మందికి ఎండాకాలం 500 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 25. దానికి పావు వంతు కలపండి, ఒలికేవి, పిల్లలు ఆడుకునేవి ఉంటాయి: 32. ఇక రోజంతా అక్కడే ఉండే ఇంటివాళ్లు, వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, మేళంవాళ్లు, పంతులుగారు, ఫొటోలవాళ్లు, డ్రైవర్లు ఒక యాభై మంది. వీళ్లకి మనిషికి మూడు లీటర్లు, అంటే ఇంకో ఎనిమిది క్యాన్లు. మొత్తం 40. వంటకి, కడగడానికి నీళ్లు వేరే.

చలికాలమైతే ఇందులో సగం కంటే కాస్త ఎక్కువ చాలు. ప్లాంటువాడితో "నలభైలో ముప్పై దించు, పది వ్యాన్‌లోనే ఉంచు, ఫోన్ చేస్తే దింపాలి, వాడని వాటికి డబ్బు ఇవ్వను" అని మాట్లాడుకుంటే ఇద్దరికీ బాగుంటుంది.

బాటిల్ అయితే మనిషి రెండు తీసుకుని ఒకటి తాగుతాడు. రెండోదాంతో ఆకు కడిగి, చివర్లో చేయి కడుగుతాడు. ఇది గమనించే ఉంటారు. శుద్ధి చేసి, సీలు వేసి, లారీలో తెచ్చిన నీళ్లతో ఆకు మీద దుమ్ము కడుగుతున్నాం. ఆకు వేసేవాడి వెనకే తడిగుడ్డతో తుడిచేవాడు ఒకడు నడిస్తే ఈ అవసరమే రాదు.

5. గ్లాసులు

స్టీల్ గ్లాసులు, అంతే. కాగితపు గ్లాసులకి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే అవి నీళ్లకి నిలవవు. ఆ పూత వల్లే వాటిని చిత్తుకాగితాలవాళ్లు కొనరు. ఐఐటీ ఖరగ్‌పూర్‌వాళ్లు 2020లో చూసినదాని ప్రకారం వేడి ద్రవం పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి 25,000 దాకా ప్లాస్టిక్ రేణువులు వచ్చాయి. చన్నీళ్లకి ఈ లెక్క వర్తించదు గానీ కాఫీ కౌంటర్ దగ్గర కాగితపు కప్పు పెట్టే ముందు గుర్తు చేసుకోండి.

ఎన్ని కావాలన్నది మొత్తం అతిథుల మీద కాదు, బంతి మీద ఆధారపడుతుంది. ఒక బంతికి 120 మంది కూర్చుంటే 120 ఆకుల దగ్గర, 120 కడగడానికి, ఇంకో 60 చేతిలో: 300 చాలు. బఫే అయితే లెక్క మారిపోతుంది. బఫేలో గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే పెట్టేస్తారు: కిటికీలో, పూలకుండీలో, స్టేజీ మెట్ల మీద. ఒకేసారి హాలులో ఉండే మనుషుల లెక్కకి ఒకటిన్నర రెట్లు పెట్టుకోండి, ఏరి తెచ్చే కుర్రాడు ఒకడు ఉండాలి. బంతి భోజనం పెట్టగలిగితే అదే మేలు. బఫే తేలిక అని పెడతాం గానీ చెత్త విషయంలో అది ఏమీ తేలిక కాదు.

టెంట్ హౌస్, సప్లయర్స్ దగ్గర గ్లాసులు అద్దెకి దొరుకుతాయి. బుక్ చేసే ముందు ఒక డజను చేతిలోకి తీసుకుని చూడండి. సొట్టలు, అంచు చీలినవి, మరకలు ఉన్నవి వద్దు. మెరిసే గ్లాసు పెడితేనే అతిథికి నమ్మకం కలుగుతుంది, మురికి గ్లాసు చూసినవాడు నేరుగా బాటిల్ కోసం వెతుకుతాడు. సిద్దిపేట జిల్లాలో గ్రామాల్లో స్టీల్ బ్యాంకులు పెట్టారు, ఫంక్షన్లకి ప్లేట్లు, గ్లాసులు మహిళా సంఘాల దగ్గర అద్దెకి తీసుకోవచ్చు. మీ ఊళ్లో లేకపోతే నాలుగైదు కుటుంబాలు కలిసి రెండొందల గ్లాసులు కొని పెట్టుకోవడం పెద్ద ఖర్చేం కాదు. మన ఇళ్లలో ఏడాదికి ఎన్ని ఫంక్షన్లు: బారసాల, ఓణీలు, గృహప్రవేశం, షష్టిపూర్తి, దినాలు.

6. ఎక్కడ పెట్టాలి, ఎవరు పోయాలి

మనిషి లేచి వెతుక్కునే లోపు నీళ్లు కనపడాలి. హాలులో ఎక్కడ నిలబడినా ఒక డ్రమ్ము కంటికి కనిపించేలా చూసుకోండి. మండపం దగ్గర రెండు వైపులా, భోజనాల గదిలో, చేతులు కడిగే చోటుకి కాస్త దూరంగా, గేటు దగ్గర, పార్కింగ్ దగ్గర. ఆఖరి రెండూ అందరూ మర్చిపోతారు. డ్రైవర్లు, బ్యాండువాళ్లు, డెకరేషన్ కుర్రాళ్లు లోపలికి వచ్చి నీళ్లు అడగడానికి మొహమాటపడి బయట కొట్లో బాటిల్ కొనుక్కుంటారు.

బయట నీడలో మట్టి రంజన్లు పెట్టండి. కొత్తవైతే ముందురోజు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మట్టి వాసన కొడుతుంది. కొద్దిగా వట్టివేళ్లు శుభ్రంగా కడిగి వేస్తే ఆ వాసనకే జనం రెండో గ్లాసు తాగుతారు. వియ్యాలవారి విడిది గదిలో రాగి బిందె, రాగి చెంబులు పెట్టండి. బాటిల్ గురించి గొణిగే నోళ్లు అక్కడ ఆగిపోతాయి. కానీ రాగి బిందెలో మజ్జిగ, పానకం, నిమ్మరసం లాంటి పులుపులు పోయొద్దు, రాగి దిగుతుంది, కడుపులో తిప్పుతుంది.

చల్లటి నీళ్ల కోసం ఐస్ దిమ్మలు తెచ్చి డ్రమ్ములో వేస్తుంటారు. అవి చేపల పెట్టెలకి కూడా వెళ్లే దిమ్మలు, ఏ నీళ్లతో చేశారో ఎవరికీ తెలియదు. పెద్ద తొట్టిలో దిమ్మలు పరిచి, దాని మధ్యలో స్టీల్ డ్రమ్ము దింపండి. నీళ్లు చల్లబడతాయి, దిమ్మ తాగే నీళ్లకి తగలదు. జగ్గు ముంచడం కూడా ఎవరినీ చేయనివ్వకండి, కుళాయి ఉన్న డ్రమ్ములే తీసుకోండి. పిల్లలకి అందేలా ఒకటైనా పొట్టి స్టూలు మీద ఉండాలి.

బంతిలో ముప్పై ఆకులకి ఒక నీళ్ల మనిషి. ఆకు పడగానే గ్లాసు, గ్లాసు పడగానే నీళ్లు, ఆ తర్వాతే వడ్డన. ముద్ద నోట్లో పెట్టి ఎక్కిళ్లు వచ్చాక నీళ్ల కోసం చుట్టూ చూసే పరిస్థితి ఒక్కరికి వచ్చినా "బాటిల్ ఉంటే ఈ గొడవ ఉండేది కాదు" అని పక్కవాడు అంటాడు. గ్లాసు నిండా పోయొద్దు, ముప్పావు పోసి మళ్లీ అడగాలి. ఎత్తి తాగే పెద్దవాళ్లకి నిండు గ్లాసు ఇబ్బంది, మిగిలిన నీళ్లు కూడా వృథా. క్యాటరర్ మనుషులు చాలకపోతే మన ఇంటి కుర్రాళ్లని పెట్టండి. ఇంటి మనిషి జగ్గు పట్టుకుని పోస్తే వచ్చినవాళ్లు దాన్ని వేరేగా చూస్తారు.

7. కడగడం

ఎంగిలి భయం పోవాలంటే కడిగే చోటు అతిథి చూసినా ఇబ్బంది లేనట్టుండాలి. మూడు తొట్లు పెట్టండి. మొదటి దాంట్లో మిగిలిన నీళ్లు పారబోసి ముంచి తీయడం. రెండోది సబ్బు నీళ్లు, లోపల చేయి తిప్పి తోమాలి, అంచు మరీ ముఖ్యం. మూడోది శుభ్రమైన నీళ్లు. ఆ తర్వాత పొయ్యి మీద మరిగే నీళ్ల గుండిగలో జల్లెడ బుట్టతో ఒక అర నిమిషం ముంచి తీసి, బోర్లించి ఆరబెట్టాలి. మరిగే నీళ్లలో తీసిన స్టీల్ గ్లాసు తుడవకుండానే ఆరిపోతుంది. పాత గుడ్డతో తుడిస్తే కడిగినదంతా వృథా.

మూడో తొట్టి నీళ్లు ప్రతి వంద గ్లాసులకి మార్చాలి. ఈ పనికి ఇద్దరు మనుషులు, ఇద్దరికీ చేతి తొడుగులు, కూర్చోడానికి పీట, మధ్యలో భోజనం. కూలి ముందే మాట్లాడి కాస్త ఎక్కువే ఇవ్వండి. బాటిళ్లు మానేసి మిగిల్చిన డబ్బు వెళ్లాల్సింది వీళ్లకే.

8. దూరం నుంచి వచ్చేవాళ్లు

పెళ్లి బస్సులో బాటిళ్ల పెట్టె ఎక్కించడం అలవాటు. దాని బదులు కుళాయి ఉన్న క్యాన్ ఒకటి డ్రైవర్ వెనక సీటుకి తాడుతో కట్టి, స్టీల్ గ్లాసులు ఓ ఇరవై సంచిలో వేయండి. శుభలేఖ వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక వాక్యం చేర్చండి: "దయచేసి మీ నీళ్ల సీసా వెంట తెచ్చుకోండి, హాలులో నింపుకునే ఏర్పాటు ఉంది." సగంమంది తేరు, పర్వాలేదు, తెచ్చిన సగం చాలు.

మందులు వేసుకునే పెద్దవాళ్లు, పాల పిల్లల తల్లులు ఉంటారు. కాచి చల్లార్చిన నీళ్లు ఒక ఫ్లాస్కు వేరుగా పెట్టి, ఎవరి దగ్గరుందో నలుగురికీ చెప్పి ఉంచండి. ఎవరైనా పెద్దాయన "నాకు బాటిలే కావాలి" అని పట్టుబడితే ఒకటి తెప్పించి ఇచ్చేయండి. పెళ్లిలో ఒక బాటిల్ కోసం గొడవపడటం ఎవరికీ మంచిది కాదు.

9. అయినా వచ్చే చెత్త

నీళ్ల బాటిళ్లు మానేసినంత మాత్రాన ప్లాస్టిక్ మొత్తం పోదు. టేబుల్ మీద పరిచే రోల్, ఐస్‌క్రీమ్ కప్పులు, పెరుగు కప్పులు, కిళ్లీ చుట్టిన రేకు, రిటర్న్ గిఫ్టుల కవర్లు, అతిథులు బయటి నుంచి తెచ్చుకున్న బాటిళ్లు. రోల్ మానేసి టేబుల్ తుడవమనండి. మెరిసే లోపలి పొర ఉన్న విస్తరి ఆకుల కింద ప్లాస్టిక్ ఉంటుంది, గోటితో గీరితే లేచొస్తుంది. అవి కొనొద్దు.

మూడు చోట్లా మూడు డబ్బాలు కాదు, మనిషి ఉన్న ఒక్క చోటు మేలు. భోజనాల గది బయట ఆకులు వేసే తొట్టి, దాని పక్కన పొడి చెత్తకి గోనెసంచి, బాటిళ్లకి ఇంకో సంచి పెట్టి, అక్కడ ఒకరిని నిలబెట్టండి. బాటిల్ మూత తీసి, నీళ్లు మొక్కలకి వంపి, నొక్కి సంచిలో వేయడం వాళ్ల పని. ఆ సంచి పాత సామాన్ల షాపుకి వెళ్తే నాలుగు డబ్బులొస్తాయి, ఆ డబ్బు వాళ్లదే అని ముందే చెప్పండి, పని శ్రద్ధగా జరుగుతుంది.

ఊళ్లో ఖాళీ స్థలంలోనో, రోడ్డు పక్కనో షామియానా వేస్తుంటే ఇంకో సంగతి. ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది: లైసెన్సు లేని చోట వంద మంది దాటి గుమిగూడే కార్యక్రమం చేస్తే కనీసం మూడు పనిదినాల ముందు పంచాయతీకో, మునిసిపాలిటీకో చెప్పాలి, చెత్త వేరు చేసి ఇవ్వాలి. ఇది చాలామందికి తెలియదు, తెలిసినా ఎవరూ అడగరు. మీరు మాత్రం చెప్పండి, ఎందుకంటే చెబితేనే మర్నాడు ట్రాక్టర్ వస్తుంది. రాకపోతే షామియానా వెనక చెత్తకి అగ్గిపుల్ల గీసేస్తారు, లేదా అన్నం వాసనకి వచ్చిన గేదె ఆకుతోపాటు కవరు కూడా మింగుతుంది.

పెళ్లి మర్నాడు మిగిలే పనులు రెండే. క్యాన్లు లెక్కపెట్టి ప్లాంటువాడికి అప్పగించి డిపాజిట్ తీసుకోవడం, గ్లాసులు లెక్కపెట్టి టెంట్ హౌస్‌కి ఇవ్వడం. మూడొందలకి ఓ పదీ పదిహేను తగ్గుతాయి, ఎప్పుడూ తగ్గుతాయి. ఒక్కో గ్లాసుకి ఎంత పట్టుకుంటాడో బుకింగ్ రోజే అడిగి రాసిపెట్టుకోండి. లెక్కపెట్టే ముందు విడిది గదుల మంచాల కింద, పెళ్లి బస్సు సీట్ల కింద ఒకసారి చూస్తే సగం అక్కడే దొరుకుతాయి.